పల్నాటి ఎండ - సౌరవిద్యుత్తు

క్రోసూరు మిరప కల్లములలో వేసవినాడు నిలిచినవారికి, ఈ ఎండనంతను విద్యుత్తుగా మార్చినచో ఎంత బాగుండునని తోచుట సహజము. కాని సౌరఫలకమునకు కావలసినది వెలుగు, వేడి కాదు. 25 డిగ్రీలు దాటి ఫలకము వేడెక్కిన కొలదిని, ప్రతి పది డిగ్రీలకు దిగుబడి నూటికి మూడు నాలుగు పాళ్లు తగ్గును. రోహిణి కార్తె ఎండ దానికి మేలుచేయదు.

1954లో అమెరికాలోని బెల్ ప్రయోగశాల ప్రదర్శించిన సిలికాన్ ఘటము వెలుగులో నూటికి ఆరు పాళ్లను మాత్రమే విద్యుత్తుగా మార్చెను. నేటి ఫలకములు ఇరువది పాళ్లు మార్చుచున్నవి. 2017లో కర్నూలు జిల్లాలో 1000 మెగావాట్ల సోలార్ పార్కు వెలసినపుడు, ఇది పెద్ద సంస్థల వ్యవహారమే అనిపించినది. 2019లో కేంద్ర ప్రభుత్వము ఆమోదించిన కుసుమ్ పథకము, రైతులు తమ బీడునేలలో 500 కిలోవాట్లు మొదలు 2 మెగావాట్ల వరకు చిన్న కేంద్రములు నెలకొల్పి, విద్యుత్తును పంపిణీ సంస్థకు అమ్ముకొను వీలు కల్పించెను.

అప్పుచేసి దిగు రైతు చూడవలసినది కేంద్రపు సామర్థ్యమును కాదు, ఏటి దిగుబడిని. ఒక మెగావాటు కేంద్రము రేయింబవళ్లు నిండుగా పనిచేసినచో ఏటికి 87 లక్షల 60 వేల యూనిట్లు రావలెను. రాత్రులు, మబ్బులు, వేడిమి పోగా మన ప్రాంతమున చేతికందునది సుమారు 16 లక్షలు. ఫలకములపై పేరుకొన్న దుమ్మును కడుగనిచో అదియు రాదు.