కొండలకి తుఫాను రాదనుకున్నారు

తుఫాను అనగానే మన బుర్రలో మెదిలేది సముద్రమే. దివిసీమ ఉప్పెన, కోనసీమలో నేలకొరిగిన కొబ్బరి చెట్లు, టీవీలో ఎన్నో నంబరు ప్రమాద హెచ్చరిక ఎగరేశారన్న వార్త. అమెరికా వచ్చినా లెక్క పెద్దగా మారదు, హరికేన్ అంటే ఫ్లోరిడా, లూసియానా వాళ్ళ గొడవ. షార్లెట్లో ఉండే నాలాంటివాళ్ళకి ఆష్‌విల్ అంటే అక్టోబర్లో రంగుల ఆకులు చూడ్డానికి నాలుగు కార్లేసుకుని, డబ్బాల నిండా పులిహోర కట్టుకుని వెళ్ళే చల్లటి ఊరు, అంతే. సముద్రానికి 200 మైళ్ళకి పైగా దూరం, 2 వేల అడుగుల పైన ఎత్తు. అక్కడికి తుఫానేంటి?

2024 సెప్టెంబరు 26 రాత్రి హెలీన్ ఫ్లోరిడాలో పెర్రీ దగ్గర గంటకి 140 మైళ్ళ గాలితో తీరం దాటింది. మర్నాడు పొద్దున్నకల్లా పశ్చిమ నార్త్ కరోలినా కొండల్లో ఉంది. ఆ ఒక్క రాష్ట్రంలోనే వందమందికి పైగా పోయారు. బ్యూసిక్ అనే చిన్న ఊళ్ళో నాలుగు రోజుల్లోపే 30 అంగుళాల పైన వాన పడింది. ఫెయిర్‌వ్యూ దగ్గర కొండచరియ విరిగిపడి ఒకే కుటుంబంలో 11 మంది చనిపోయారు.

"చరిత్రలో ఎన్నడూ లేనిది" అని అన్ని ఛానెళ్ళూ ఊదరగొట్టాయి. నాకు ఆ మాటతోనే పేచీ. ఎందుకంటే చరిత్రలో ఉంది. అచ్చం ఇలాగే ఉంది.

1916 జులై. మొదటి వారంలో గల్ఫ్ వైపు నుంచి ఒక తుఫాను వచ్చి కొండల్ని నానబెట్టి పోయింది. వారం తిరిగీ తిరక్కుండానే చార్లెస్టన్ వైపు నుంచి రెండోది వచ్చింది. నేల అప్పటికే తడిసి ముద్దయి ఉంది, ఇంక ఒక్క చుక్క కూడా పీల్చుకోలేదు. ఆల్టాపాస్ అనే చోట 24 గంటల్లో 22 అంగుళాల వాన కొలిచారు, అప్పటికి అది అమెరికాలోనే రికార్డు. ఆష్‌విల్ దగ్గర ఫ్రెంచ్ బ్రాడ్ నది 23.1 అడుగులకి లేచింది. దాదాపు 80 మంది చనిపోయారు.

2024లో ఏం జరిగింది? హెలీన్ ఇంకా గల్ఫ్‌లో ఉండగానే రెండ్రోజుల ముందు నుంచి కొండల మీద కుండపోత. నేల నానిపోయింది. ఆపైన అసలు తుఫాను. అదే అల్గారిథం, ఇన్‌పుట్ కాస్త పెద్దదంతే. నది ఈసారి 24.67 అడుగులు. నూట ఎనిమిదేళ్ళ రికార్డు అడుగున్నర తేడాతో పోయింది.

కొండల దగ్గర చిక్కేంటంటే, తడిగాలి వచ్చి కొండకి కొట్టుకుంటుంది, పైకి లేస్తుంది, చల్లబడుతుంది, మోసుకొచ్చిన నీళ్ళన్నీ అక్కడే కుమ్మరిస్తుంది. మైదానంలో అయితే ఆ నీళ్ళు పొలాల మీద నింపాదిగా పరుచుకుంటాయి. మన గోదావరికి భద్రాచలం దగ్గర నీటిమట్టం పెరుగుతుంటే, కింద లంకల్లో వాళ్ళకి సామాన్లు సర్దుకునే టైమన్నా ఉంటుంది. కొండ లోయలో ఆ వ్యవధి గంటల్లోనే ఉంటుంది, ఒక్కోసారి నిమిషాల్లో.

1916లో బయటి ప్రపంచానికీ ఆ కొండలకీ ఉన్న అసలు లింకు రైలు. సదరన్ రైల్వే వాళ్ళ కట్టలు కొట్టుకుపోయి, పట్టాలు మాత్రం గాల్లో తాళ్ళ వంతెనల్లా వేలాడాయి. కటాబా నది మీద ఒక వంతెన దాన్ని కాపాడుతున్న పనివాళ్ళతో సహా కూలిపోయింది. తర్వాత ఆ కంపెనీ తాము రైళ్ళు మళ్ళీ ఎలా నడిపామో ఒక పుస్తకమే అచ్చేసుకుంది (ఇప్పటి భాషలో చెప్పాలంటే పోస్ట్‌మార్టం రిపోర్టు, కాస్త సొంత డబ్బా కలిపి). ఓల్డ్ ఫోర్ట్ నుంచి ఆష్‌విల్‌కి ఎక్కే అదే లైను 2024లో మళ్ళీ తెగింది. ఈసారి దాంతోపాటు ఐ-40 హైవే కూడా పీజన్ నది లోయలో సగానికి సగం నదిలోకి జారిపోయింది. 2025 మార్చి 1న గానీ అక్కడ మళ్ళీ బళ్ళు కదల్లేదు, అదీ అటొక వరస, ఇటొక వరస.

మనవాళ్ళకి బాగా ఎక్కే కథ మంచినీళ్ళది. ఆష్‌విల్ నీళ్ళలో ఎక్కువ భాగం నార్త్ ఫోర్క్ అనే జలాశయం నుంచి వస్తాయి. 2004 సెప్టెంబరులో ఫ్రాన్సెస్, ఐవాన్ అని రెండు తుఫాన్లు వరసగా వచ్చి అక్కణ్ణుంచి ఊరికి వచ్చే పైపుల్ని తెంపేశాయి (మళ్ళీ రెండు! 1916 లాగే). ఆ దెబ్బతో బుద్ధి తెచ్చుకుని నగరం వాళ్ళు ఇంకో బైపాస్ లైను వేశారు. ఊరికే వెయ్యలేదు, 25 అడుగుల లోతున పాతారు. హెలీన్ దాన్ని కూడా తవ్వి పారేసింది.

మనం డిజాస్టర్ రికవరీ మీటింగుల్లో రోజూ అరుచుకునేదే ఇది. రెండు సర్వర్లు పెట్టి రెండిటికీ ఒకే కరెంటు తీగ ఇస్తే అది బ్యాకప్ ఎలా అవుతుంది? మెయిన్ లైనూ, బైపాస్ లైనూ ఒకే జలాశయం నుంచి, ఒకే లోయలోంచి వస్తున్నాయి. కానీ వాళ్ళని తిట్టడానికి నాకు నోరు రావట్లేదు. ఆ కొండల్లో ఇంకో లోయ ఎక్కణ్ణుంచి తెస్తారు? పైపులు అతికించాక కూడా కష్టం తీరలేదు. జలాశయం అంతా ఎర్రమట్టి బురద, ఎన్నాళ్ళైనా పేరుకోదు. పడవల మీద తిరుగుతూ పటిక కలిపారు. మన అమ్మమ్మలు బిందెలో పటిక ముక్క తిప్పినట్టే, కాకపోతే కొన్ని వందల కోట్ల గ్యాలన్ల బిందె. కుళాయి నీళ్ళు భయం లేకుండా తాగొచ్చని చెప్పింది నవంబరు 18న. తుఫాను తర్వాత 53 రోజులకి.

ఆ 53 రోజులూ జనం ఎలా నెట్టుకొచ్చారు? తుఫాను దెబ్బ తగిలిన జిల్లాల్లో మొదట్లో నాలుగింట మూడొంతుల సెల్ టవర్లు పనిచెయ్యలేదు. ఫైబర్ తెగింది, కరెంటు లేదు. అప్పుడు పనికొచ్చినవన్నీ పాత సామాన్లే. మౌంట్ మిచెల్ శిఖరం మీదున్న హామ్ రేడియో రిపీటర్ మీద, ఫలానా కొండ మీద ఫలానావాళ్ళు బతికే ఉన్నారా, ఫలానా ముసలాయనకి ఆక్సిజన్ ఉందా అని గంటల తరబడి ఒకళ్ళకొకళ్ళు కబురు అందించుకున్నారు. స్థానిక పబ్లిక్ రేడియో వాళ్ళు నీళ్ళెక్కడ ఇస్తున్నారు, ఏ రోడ్డు తెరిచారు అని చదువుతుంటే జనం కార్లలో కూర్చుని విన్నారు. బండి పోలేని చోటికి కంచర గాడిదల మీద మందులూ, పసిపిల్లల డైపర్లూ మోసుకెళ్ళారు. ఫోర్-జీ, ఫైవ్-జీ అన్నీ చేతులెత్తేసిన చోట గాడిద పనిచేసింది :)

ఇంకో తమాషా. దేశం మొత్తం వాతావరణ రికార్డులు దాచే జాతీయ కేంద్రం ఉన్నది ఆష్‌విల్‌లోనే, 1951 నుంచీ. 1916 వానల లెక్క కావాలన్నా అక్కడే అడగాలి. హెలీన్ వచ్చినప్పుడు ఆ కేంద్రమే ఆఫ్‌లైన్ అయిపోయింది. డేటాకి ఏమీ కాలేదు లెండి.

మారుమూల కొండలే కదా, మనకేంటి అనుకునేవాళ్ళకి ఒక మాట. స్ప్రూస్ పైన్ అనే ఊళ్ళో దొరికే స్వచ్ఛమైన క్వార్ట్జ్ తోనే, చిప్పుల కోసం సిలికాన్ కరిగించే మూసలు చేస్తారు. మన ఉద్యోగాలన్నీ ఆ రాతి మీదే నిలబడున్నాయని చెప్పుకోవచ్చు. ఆ గనులు సుమారు రెండు వారాలు ఆగాయి. మేరియన్ దగ్గర ఒక ఫ్యాక్టరీ దేశంలో వాడే సెలైన్ లాంటి ద్రవాల్లో 60 శాతం తయారుచేసేది. అది మునిగేసరికి ఎక్కడెక్కడి ఆసుపత్రుల్లోనో ఆపరేషన్లు వాయిదా పడ్డాయి.

నాకు నిజంగా కోపం తెప్పించేది మాత్రం మ్యాపుల సంగతి. 2004లో ఐవాన్ వచ్చినప్పుడు మేకన్ కౌంటీలో పీక్స్ క్రీక్ దగ్గర కొండ జారి ఐదుగురు పోయారు. ఆ మరుసటేడు రాష్ట్ర ప్రభుత్వం 19 కొండ జిల్లాల్లో ఎక్కడెక్కడ నేల జారే ప్రమాదం ఉందో మ్యాపులు గీయమంది. నాలుగు జిల్లాలు అయ్యాయి. 2011లో డబ్బుల్లేవని పనాపేశారు, భూగర్భ శాస్త్రవేత్తల ఉద్యోగాలు పోయాయి. మళ్ళీ 2018లో కొండలు జారి మనుషులు చచ్చిపోతే గానీ మొదలెట్టలేదు. ఏడేళ్ళు గాలికి పోయాయి. హెలీన్ తర్వాత లెక్కేస్తే 2 వేలకి పైగా చోట్ల కొండలు జారాయని తేలింది. మ్యాపు ఉంటే అందరూ బతికేవాళ్ళని నేననను. కనీసం ఇల్లు కొనేవాడికి తెలిసుండేది.

ఇన్సూరెన్సుదీ అదే తంతు. లోపలి కొండ జిల్లాల్లో వరద బీమా ఉన్న ఇళ్ళు నూటికి ఒకటి కూడా లేవు. కొండ మీద ఇంటికి వరద బీమా ఏంటని నవ్వుకునుంటారు. ఆ పైన, ప్రభుత్వం 750 డాలర్లిచ్చి చేతులు దులుపుకుంటుందన్న పుకారు ఒకటి. అది తక్షణ ఖర్చులకి ముందుగా ఇచ్చే మొత్తం, మిగతా సాయం వేరే. ఆ పుకారు నమ్మి అసలు అప్లికేషనే పెట్టనివాళ్ళని తలుచుకుంటే ప్రాణం ఉసూరుమంటుంది. రాష్ట్రం లెక్కన మొత్తం నష్టం 5,960 కోట్ల డాలర్లు.

మరి ఏట్లోకి చూసే ఆ ఊళ్ళు అక్కడే ఎందుకు కడతారంటే, కొండల్లో బల్లపరుపు నేల ఉండేది ఏటి ఒడ్డునే. పొలమైనా, రైలైనా, బడైనా, బజారైనా అక్కడే పెట్టాలి. పైకి పోదామంటే అది జారే వాలు. 1916 తర్వాత బిల్ట్‌మోర్ గ్రామం అక్కడే మళ్ళీ లేచింది. 2024లో అక్కడే మళ్ళీ మునిగింది. చిమ్నీ రాక్ గ్రామంలో బజారు సగం నది పట్టుకుపోయింది. 2025 జూన్ 27న అక్కడి స్టేట్ పార్క్ మళ్ళీ తెరిచారు, పార్కుకి వెళ్ళే తాత్కాలిక వంతెన సైన్యం ఇంజనీర్ల సాయంతో వేశారు. కిందనున్న కొట్లవాళ్ళు కొందరు అదే ఏటి ఒడ్డున, అవే పునాదుల మీద మళ్ళీ గోడలు లేపారు.