జల్లెడకి చిల్లులు ఎవరు పెట్టారు?

పోయిన భాగం చదివి మా డిగ్రీ విద్యార్థి ఒకడు అడిగాడు: "మేడమ్, కరోనాలో అమెరికావాళ్లు పని పోయినోళ్లకి వారానికి 600 డాలర్లు అదనంగా ఇచ్చారంట. మరి మనోళ్లు రోడ్లెంట ఎందుకు నడిచారు?" అది డబ్బున్న దేశం అని ఒక్క ముక్కలో తేల్చేయొచ్చు. కానీ ఆ డబ్బున్న దేశమే నలభై ఏళ్లకు పైగా తన పొలం కూలీలని, ఇళ్లల్లో పాచిపని చేసే ఆడవాళ్లని ఆ భృతి గడప తొక్కనివ్వలేదు. ఆ కథ తెలిస్తేనే 2020 అర్థమవుతుంది.

1935 ఆగస్టులో రూజ్‌వెల్ట్ సోషల్ సెక్యూరిటీ చట్టం మీద సంతకం పెట్టాడు. పని పోతే కొన్ని వారాలు భృతి, ముసలితనంలో పెన్షన్. అయితే ఏది 'ఉద్యోగం' అనే దగ్గర వ్యవసాయ కూలిని, ఇంటిపనిని తీసేశారు. నల్లవాళ్లు అనే మాట చట్టంలో రాయలేదు. రాయాల్సిన అవసరం లేదు. ఈ మినహాయింపులతో నల్ల కార్మికుల్లో సుమారు 65 శాతం బయటే ఉండిపోయారని చరిత్రకారుడు ఐరా కాట్జ్‌నెల్సన్ చెప్తాడు. దక్షిణాది రాష్ట్రాల్లో ఇంకా ఎక్కువ. మనకి తెలిసిన విద్యే ఇది: కులం పేరు రాయక్కర్లేదు, పని పేరు రాస్తే చాలు.

బిల్లు ఇంకా కమిటీలో ఉండగానే ఒకాయన దీన్ని పట్టుకున్నాడు. ఎన్‌ఏఏసీపీ తరఫున లాయర్ చార్లెస్ హామిల్టన్ హ్యూస్టన్ సెనేట్ ఫైనాన్స్ కమిటీ ముందుకొచ్చి, ఇది నల్లవాళ్లలో ఎక్కువమంది జారిపోయేంత చిల్లులున్న జల్లెడ అన్నాడు. ఆ కమిటీ ఛైర్మన్ పాట్ హారిసన్. ఊరు మిసిసిపీ, పత్తి రాష్ట్రం. గుర్తుపెట్టుకోండి, మిసిసిపీ మళ్లీ వస్తుంది.

దీనికి ఎదురు వాదన ఉంది, దాన్ని దాచి రాయడం నాకిష్టం లేదు. బయటపడ్డవాళ్లలో ఎక్కువమంది తెల్లవాళ్లేననీ, పొలాల్లో ఇళ్లల్లో పన్ను వసూలు కష్టమని ఆర్థిక మంత్రి మోర్గెంథావ్ చెప్పడమే అసలు కారణమనీ లారీ డెవిట్ అనే చరిత్రకారుడు పెన్షన్ భాగం గురించి రాశాడు. మోర్గెంథావ్ ఆ మాట అన్నది నిజం. తెల్ల కూలీలూ నష్టపోయారు. అయినా నాకు మింగుడు పడదు. రోజంతా ఏరిన పత్తిని సాయంత్రం తూకం వేసి రాసుకున్నారు కదా? పాలుకు చేసేవాడి అప్పు సెంటుతో సహా ఖాతాలో ఎక్కించారు కదా? పని రాబట్టేటప్పుడు కుదిరిన లెక్క, హక్కు ఇచ్చేటప్పుడే ఎందుకు కష్టమైంది?

1976 సవరణతో పెద్ద కమతాల కూలీలు, ఇంటిపనివాళ్లలో కొందరు లోపలికొచ్చారు. చిన్న కమతాల్లో, నాలుగిళ్లల్లో తలో గంట చేసేవాళ్లు బయటే.

2020 మార్చి 27న కేర్స్ చట్టం వచ్చింది. 'పాండమిక్ అన్‌ఎంప్లాయ్‌మెంట్ అసిస్టెన్స్' పేరుతో, మామూలు భృతికి అర్హత లేని సొంత పనివాళ్లకి, ఊబర్ డ్రైవర్లకి, ఆ నాలుగిళ్ల పనిమనిషికి కూడా భృతి ఇచ్చారు. మొదట్లో యజమాని కాగితం అక్కర్లేదు, కరోనా వల్ల పని పోయిందని తానే రాసిస్తే చాలు. దొంగ దరఖాస్తులు చాలా వచ్చాయి, ఆఫీసులు చేతులెత్తేశాయి, అదీ నిజమే. కానీ 85 ఏళ్లు 'కుదరదు' అన్నది కొన్ని వారాల్లో కుదిరింది.

పైగా అందరికీ జులై చివరి దాకా వారానికి 600 డాలర్లు అదనం. భృతి ఎంతన్నది 1935 నుంచీ రాష్ట్రాల చేతుల్లోనే ఉంది. మిసిసిపీలో గరిష్ఠం వారానికి 235 డాలర్లు, దేశంలోనే అడుగు. 600 మాత్రం అన్ని రాష్ట్రాల్లో ఒకటే. నిరుద్యోగ భృతి 2020లో 55 లక్షల మందిని పేదరికంలో పడకుండా ఆపిందని సెన్సస్ బ్యూరో లెక్క.

డిసెంబర్ చివర్లో 300గా మళ్లీ మొదలైన అదనపు భృతి 2021 సెప్టెంబర్ 6 దాకా ఉండాలి. మిసిసిపీ జూన్ 12నే వద్దంది. ఇంకో ఇరవైకి పైగా రాష్ట్రాలు అదే బాట. కారణం? పనివాళ్లు దొరకడం లేదట! ఈ మాట మనం వినలేదా? 2011లో కోనసీమ రైతులు క్రాప్ హాలిడే ప్రకటించినప్పుడు పెట్టిన డిమాండ్లలో ఉపాధి హామీని వ్యవసాయ పనులకి కలపాలన్నది ఒకటి. రైతు కష్టం నేను కాదనను. కూలీకి 'రాను' అనే దమ్ము రాగానే ఎవరికి ఇబ్బందో చూడండి.

ఇక మా విద్యార్థి ప్రశ్న. కరోనాలో మన ప్రభుత్వమూ నిరుద్యోగ భృతి పెంచింది. ఈఎస్ఐ కింద అటల్ బీమిత్ వ్యక్తి కల్యాణ్ యోజనలో జీతంలో 25 శాతం ఉన్నదాన్ని 50 చేశారు, 90 రోజుల దాకా. కానీ ఈఎస్ఐ ఉండాలంటే పది మంది పనిచేసే సంస్థ కావాలి, అందులో మీ పేరు ఉండాలి. పొలం కూలీకి లేదు. పాచిపని చేసే అమ్మకి లేదు. అమెరికాలో కూడా కాగితాల్లేని వలస కూలీలు, అంటే ఆ పంటలు కోసిన చేతుల్లో ఎన్నో, 2020లో బయటే ఉన్నారు. న్యూయార్క్ రాష్ట్రం 2021లో 210 కోట్ల డాలర్లతో వాళ్లలాంటివాళ్లకి విడిగా నిధి పెట్టాల్సి వచ్చింది.

వచ్చే భాగంలో 1942 నుంచి 1946 దాకా వైస్రాయ్ కౌన్సిల్‌లో లేబర్ మెంబర్‌గా బాబాసాహెబ్ చేసిన పని గురించి రాస్తాను.