చచ్చినోడి అప్పు, బతికినోడి వేలిముద్ర

పాలేరుతనం మీద గతవారం రాసింది చదివి అమలాపురం తమ్ముడొకడు అడిగాడు: "అన్నా, కోర్టు డిక్రీ అయ్యాక మనిషి పోతే ఆ అప్పు కొడుకు కట్టాల్సిందేనా?"

ముందు మా ఇంటి సంగతి చెప్తాను. తాత పెద్దకర్మ రోజున భోజనాలు కాకముందే అప్పిచ్చిన ఆసామి డిక్రీ కాగితంతో పాక ముందుకొచ్చాడు. తాతకి సెంటు భూమి లేదు. దింపు కత్తి, నాలుగు గిన్నెలు మిగిలాయి. "తండ్రి రుణం ఉంచుకుంటావా?" అన్నాడు. ఆ ఒక్క మాటకి నాన్న కొత్త ప్రోనోటు మీద వేలిముద్ర వేశాడు. ఏడేళ్లు కొబ్బరి దింపి కట్టాడు.

కట్టక్కర్లేదని నేను లా చదివే రోజుల్లో తెలిసింది. 1908 సివిల్ ప్రొసీజర్ కోడ్ 50వ సెక్షన్ ప్రకారం, చనిపోయినవాడి ఆస్తి వారసుడి చేతికి ఎంత వచ్చిందో అంతవరకే డిక్రీ వసూలు చేసుకోవాలి. వచ్చిన ఆస్తికి లెక్క చూపకపోతే మాత్రం సొంతంగా బాధ్యుడవుతాడు. 60వ సెక్షన్ కింద కట్టుబట్టలు, వంటపాత్రలు, కూలివాడు కాపురమున్న సొంత ఇల్లు జప్తు చేయకూడదు. కానీ కొత్త నోటు రాశామా, అది మన సొంత అప్పు. తాత మీది డిక్రీకి విలువ లేదని ఆసామికి తెలుసు. అందుకే కర్మ రోజునే వచ్చాడు.

"తండ్రి రుణం" మాట వెనక హిందూ ధర్మశాస్త్రం ఉంది. కోర్టులు దాన్ని కూడా ఉమ్మడి ఆస్తి వరకే పరిమితం చేశాయి. 2005 సవరణ తర్వాత చేసిన అప్పులకు ఆ బాధ్యత కూడా పోయింది.

మరి రుణ విమోచన చట్టాలో? కోనసీమ మద్రాసు రాష్ట్రంలో ఉండగా, 1938లో రాజాజీ ప్రభుత్వం వ్యవసాయదారుల పాత వడ్డీలు కొట్టేసింది. అయితే భూమి మీద హక్కున్నవాడే ఆ చట్టానికి వ్యవసాయదారుడు. నాట్లేసి, కోతకోసిన మనోళ్లు లెక్కలోకి రాలేదు. 1976 వెట్టి నిర్మూలన చట్టం వచ్చాకే వెట్టి అప్పుల డిక్రీలు తీరిపోయినట్టే లెక్క. 1977లో ఆంధ్రప్రదేశ్ చట్టం వ్యవసాయ కూలీల్ని పేరుపెట్టి చేర్చింది. భూమున్నోడికీ మనకీ మధ్య దాదాపు నలభై ఏళ్లు!

కాబట్టి తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, చావింట్లో ఏ కాగితం మీదా సంతకం పెట్టనివ్వకండి. కోర్టు నోటీసొస్తే దాచిపెట్టకండి. వెళ్లి, వారసత్వంగా ఏమీ రాలేదని రాతపూర్వకంగా చెప్పండి. ఎస్సీ, ఎస్టీలకి ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయసహాయం 1987 చట్టం ఇచ్చిన హక్కు. మండల న్యాయసేవా కమిటీ దగ్గర అడగండి.

నాన్న వేలిముద్ర వేసిన ఆ నోటు ఇప్పటికీ మా ట్రంకుపెట్టెలో ఉంది. తీరిపోయిందని వెనక రాసుంది. అసలు మొదలే కాకూడని అప్పది.

జై భీమ్.

(వచ్చే ఆదివారం: లంక భూముల కౌలు)