పాత హోండా సిటీ వీటెక్‌ను ఇంట్లోనే బాగు చేస్తున్నారా? ముందు నీళ్లు, బెల్టు.. ఆ తర్వాతే స్పీడు!

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల వైపు పాత ఇళ్ల షెడ్లలో ఏపీ 04 నంబర్ ప్లేటుతో, దుమ్ము పట్టిన కవర్ కింద అప్పుడప్పుడూ ఒక కారు కనిపిస్తుంది. మొదటి తరం హోండా సిటీ. అందులోనూ వెనక వీటెక్ అని రాసి ఉంటే యువకుల కళ్లు మెరుస్తాయి. యూట్యూబ్‌లో వీడియోలు చూసి, ఓ పానా సెట్టు కొనుక్కుని, సొంతంగా బాగు చేసుకుందామని దిగుతారు. చాలామంది మొదట కొనేది సైలెన్సర్, ఎయిర్ ఫిల్టర్. అసలు పొరపాటు అక్కడే మొదలవుతుంది. కడప ఎండల్లో ఈ కారును నిలబెట్టేదీ, చంపేదీ కూలింగ్, టైమింగ్ బెల్టే.

హోండా సిటీ మన దేశంలోకి 1998లో వచ్చింది. గ్రేటర్ నోయిడా ప్లాంటులో తయారయ్యేది. 2000లో 1.5 లీటర్ వీటెక్ ఇంజన్ ఇచ్చారు. 106 బీహెచ్‌పీ పవర్. అప్పట్లో మధ్యతరగతి కొనగలిగే సెడాన్లలో ఆ మాట వింటేనే గొప్ప. ఫోర్డ్ ఐకాన్ 1.6, మారుతి బలెనో, మిత్సుబిషి లాన్సర్ పోటీలో ఉన్నా, ఇంజన్ స్పీడు పెరిగేకొద్దీ గొంతు మార్చి దూసుకెళ్లే గుణం మాత్రం దీనిదే. 2003 చివర్లో కొత్త మోడల్ రావడంతో ఈ రూపం ఆగిపోయింది. అంటే ఇప్పుడు షెడ్లో ఉన్న ఏ వీటెక్ సిటీ అయినా 20 ఏళ్లు దాటినదే.

బోరు నీళ్లే మొదటి శత్రువు

ఈ ప్రాంతమంతా సున్నపురాయి నేల. బోరు నీళ్లు కాచిన గిన్నె అడుగున తెల్లటి పొర కట్టడం ప్రతి ఇంట్లో చూసేదే. అదే నీళ్లు ఏళ్ల తరబడి రేడియేటర్లో పోస్తే ఏమవుతుంది? అదే పొర రేడియేటర్ సన్న గొట్టాల్లో, ఇంజన్ బ్లాకు లోపల కడుతుంది. వేడి బయటకు పోదు. చలికాలంలో ఏమీ తెలియదు. ఏప్రిల్‌లో ముద్దనూరు వైపు ఏసీ వేసుకుని వెళ్తుంటే టెంపరేచర్ ముల్లు పైకి లేస్తుంది. చూసుకోకుండా ఇంకో పది కిలోమీటర్లు తోలితే అల్యూమినియం హెడ్ వంకర పోతుంది, గ్యాస్కెట్ పోతుంది. అక్కడితో బండి లేత్ షాపు దారి పట్టినట్టే.

కాబట్టి పాత కారు ఇంటికి రాగానే మొదటి పని ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు రేడియేటర్ మూత తీసి చూడటం. ఆకుపచ్చగానో నీలంగానో ఉంటే ఫర్వాలేదు. ఇటుకరంగులో ఉంటే లోపల తుప్పు. పైన నూనె తేలుతుంటే గ్యాస్కెట్ మీద అనుమానం పెట్టుకోవాలి. వేడి ఇంజన్ మీద మూత మాత్రం ఎప్పుడూ తిప్పకూడదు. ఒక బార్ ఒత్తిడిలో నీళ్లు దాదాపు 120 డిగ్రీల దాకా మరగవు. మూత తీసిన క్షణంలో ఆ ఒత్తిడి పోయి, మరిగే నీళ్లు మొహం మీదికి ఎగజిమ్ముతాయి.

పాత నీళ్లు దించేసి, బ్యాటరీ షాపుల్లో దొరికే డిస్టిల్డ్ వాటర్ నింపి, క్యాబిన్ హీటర్ ఫుల్ హాట్‌లో పెట్టి, ఫ్యాన్ తిరిగేదాకా ఇంజన్ నడపాలి. చల్లారాక మళ్లీ దించాలి. దిగే నీళ్లు తేటగా వచ్చేదాకా ఇలాగే. చివర్లో కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ సగం సగం. లోపల గాలి చిక్కుకోకుండా ముందు భాగం కాస్త ఎత్తులో పెట్టి నింపాలి. రేడియేటర్ మూత, రెండు పెద్ద గొట్టాలు, థర్మోస్టాట్ కొత్తవి వేస్తే ఇక కొన్నేళ్లు ఆ వైపు చూడక్కర్లేదు.

థర్మోస్టాట్ విషయంలో ఒక మాట. ‘మన ఎండలకు అది అవసరం లేదన్నా, పీకేద్దాం’ అనే మెకానిక్ ప్రతి ఊళ్లోనూ ఉంటాడు. తీసేస్తే ఇంజన్ వేడెక్కడానికి చాలాసేపు పడుతుంది. ఇంకా చల్లగానే ఉందని కంప్యూటర్ అనుకుని పెట్రోల్ ఎక్కువ పోస్తుంది. మైలేజ్ పడిపోతుంది, ప్లగ్గులు నల్లబడతాయి. రోగం రేడియేటర్లో ఉంటే థర్మోస్టాట్ తీయడం మందు కాదు.

బెల్టు తెగితే ఇంజన్ పోయినట్టే

ఈ ఇంజన్లో చైన్ ఉండదు, రబ్బరు టైమింగ్ బెల్టు. అది తెగితే వాల్వులు ఉన్నచోటే ఆగిపోతాయి, పిస్టన్లు పైకొచ్చి వాటిని కొడతాయి. సాధారణంగా లక్ష కిలోమీటర్లకో, ఐదారేళ్లకో మార్చాలి. రెండింటిలో ఏది ముందొస్తే అది. షెడ్లో పదేళ్లు నిలబడిన కారుకు కిలోమీటర్లు తక్కువే అని సంబరపడితే లాభం లేదు. రబ్బరుకు వయసే లెక్క. పైకి బాగానే కనిపించినా మార్చాల్సిందే. వాటర్ పంపును తిప్పేది కూడా ఈ బెల్టే కాబట్టి పంపు, టెన్షనర్, క్యామ్, క్రాంక్ ఆయిల్ సీళ్లు అదే చేత్తో మార్చేయడం తెలివైన పని.

ఇక్కడ మిగతా కార్ల అలవాటు కొంప ముంచుతుంది. చాలా ఇంజన్లు పుల్లీ వైపు నుంచి చూస్తే గడియారం ముల్లు తిరిగినట్టు కుడివైపు తిరుగుతాయి. ఈ తరం హోండా ఇంజన్లు ఎడమవైపు తిరుగుతాయి. క్రాంక్ పుల్లీ బోల్టు మహా గట్టిగా ఉంటుంది. దాన్ని వదులు చేయడానికి పానాను నేలకు ఆనించి సెల్ఫ్ కొట్టే నాటు పద్ధతి ఒకటుంది కదా, అది వేరే కార్లలో బోల్టును వదులు చేస్తుంది. ఇక్కడ ఇంకా బిగిస్తుంది. పుల్లీని పట్టి ఉంచే హోల్డర్, పొడవాటి బ్రేకర్ బార్ వాడటమే దారి. కొత్త బెల్టు వేశాక చేత్తో ఎడమవైపుకే ఐదారు చుట్లు తిప్పి, మార్కులు సరిగ్గా కూర్చున్నాయో లేదో చూశాకే సెల్ఫ్ కొట్టాలి. ఒక్క పన్ను తప్పినా ఇంజన్ లాగదు.

మొదటిసారి చేసేవాళ్లు ఈ ఒక్క పని తెలిసిన మెకానిక్‌ను పక్కన పెట్టుకుని చేస్తే మంచిది. ఇందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

నాపబండ మీద జాకీనా? ఆగండి

ఈ మూడు ఊళ్లలో షెడ్డు నేల అంటే నాపరాయే. చూడ్డానికి గట్టిగా ఉన్నా, బండ కింద ఇసుక కుంగి డొల్లగా ఉంటే జాకీ కాలు పడిన చోట ఫట్‌మని పగులుతుంది. జాకీ కింద మందపాటి చెక్క పలక వేయాలి. ఇంకా ప్రమాదకరమైన అలవాటు మరొకటి ఉంది. స్టాండ్లకు బదులు బండ ముక్కలో, ఇటుకలో పేర్చి కారు కిందకి దూరడం. నాపరాయి ముందుగా చెప్పి పగలదు. రెండు మంచి స్టాండ్లు కొనకుండా కారు కిందకి వెళ్లకూడదు. జాకీ ఎత్తడానికే తప్ప మోయడానికి కాదు.

పవర్ ఉందా, పోయిందా?

కూలింగ్, బెల్టు అయ్యాక ఇంజన్ ఆరోగ్యం చూడాలి. నాలుగు ప్లగ్గులూ తీసి, పెట్రోల్ సప్లై, ఇగ్నిషన్ ఆపి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి కంప్రెషన్ గేజ్‌తో కొలవాలి. ఏ సిలిండర్ అయినా 9.5 కేజీల కంటే తక్కువ చూపించినా, సిలిండర్ల మధ్య తేడా 2 కేజీలు దాటినా అనుమానించాలి. తగ్గిన సిలిండర్లో చెంచాడు ఇంజన్ ఆయిల్ వేసి మళ్లీ కొలిస్తే రీడింగ్ పెరిగిందా? రింగులు అరిగాయి. పెరగలేదా? లోపం వాల్వుల్లోనో, గ్యాస్కెట్లోనో ఉంది.

తర్వాత ట్యాపెట్ సెట్టింగ్. ఈ తరం హోండా సింగిల్ క్యామ్ ఇంజన్లలో ఇన్‌టేక్ వైపు 0.18 నుంచి 0.22 మి.మీ., ఎగ్జాస్ట్ వైపు 0.23 నుంచి 0.27 మి.మీ. సందు ఉంచుతారు. ఇంజన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడే చూడాలి. ఫిల్లర్ గేజ్ బిగువుగా, కానీ జారుతూ బయటకు రావాలి. ప్రొద్దుటూరు బంగారు పనివాళ్ల చేతి ఓపిక కావాల్సిన పని ఇది. ఈ ఒక్కటి సరిగ్గా చేస్తే సగం మందికి ‘పోయిన పికప్’ తిరిగొస్తుంది.

వీటెక్ పలకకపోతే వెంటనే కంప్యూటర్‌ను అనుమానించక్కర్లేదు. వీటెక్ పనిచేసేది ఆయిల్ ఒత్తిడితో. సోలెనాయిడ్ దగ్గర ఉండే చిన్న జల్లెడలో పాత ఆయిల్ మడ్డి పేరుకుంటే ఒత్తిడి అందదు. జల్లెడ శుభ్రం చేసి, రబ్బరు సీల్ మార్చి, ఆయిల్ సరిపడా ఉందో చూస్తే చాలాసార్లు అక్కడితో అయిపోతుంది.

ఇక పెట్రోల్. 2025 నుంచి బంకుల్లో దాదాపు అంతటా వస్తున్నది 20 శాతం ఇథనాల్ కలిసిన ఈ20. 2000 నాటి ఈ కారు దానికోసం తయారైంది కాదు. లీటరు ఇథనాల్లో శక్తి పెట్రోల్ కంటే మూడో వంతు తక్కువ కాబట్టి మైలేజ్ కొంత తగ్గుతుంది. అంతకన్నా ముఖ్యం, పాత రబ్బరు గొట్టాలు గట్టిపడి పగుళ్లు రావడం. ట్యాంకు నుంచి ఇంజన్ దాకా పెట్రోల్ గొట్టాలు, సీళ్లు ఇథనాల్‌కు తట్టుకునేవి వేయాలి. పెట్రోల్ ఫిల్టర్ మార్చాలి. కారులో పెట్రోల్ వాసన వస్తే ఆ రోజు బండి తీయకూడదు. నెలల తరబడి కదలని బండిలో పాత పెట్రోల్ ఉంచడం మంచిది కాదు, ఇథనాల్ తేమను లాగుతుంది.

ట్యూనింగ్ ఎంత వరకు?

ఓపెన్ ఎయిర్ ఫిల్టర్ పెడితే శబ్దం బాగుంటుంది. కానీ అది పీల్చేది బానెట్ కింద కాగిన గాలి. 25 డిగ్రీల గాలితో పోలిస్తే 45 డిగ్రీల గాలి సాంద్రత సుమారు 6 శాతం తక్కువ. అంటే డబ్బు పెట్టి పవర్ తగ్గించుకున్నట్టే. కంపెనీ పెట్టె, బయటి చల్లగాలి తెచ్చే దాని గొట్టమే మేలు. ఎర్రగుంట్ల, జమ్మలమడుగు వైపు సిమెంటు, సున్నపురాయి లారీల వెనక తిరిగే బండికైతే ఫిల్టర్ ఇంకా త్వరగా మార్చాలి. అక్కడి దుమ్ము రింగులకు ఉప్పుకాగితం లాంటిది.

ఈ కారుకు నిజమైన ట్యూనింగ్ బ్రేకులు, టైర్లు, సస్పెన్షన్ బుష్‌లు. బ్రేక్ ఆయిల్ తేమ పీల్చుకుంటుంది, రెండేళ్లకోసారి మార్చాలి. టైరు పక్కన నాలుగంకెల కోడ్ చూడాలి. 3519 అంటే 2019లో 35వ వారం తయారైంది. గాట్లు బాగున్నా వయసైన టైరుతో గండికోట ఘాట్‌లో సరదా వద్దు. విడిభాగాల కోసం చెన్నై పుదుపేట, బెంగళూరు జేసీ రోడ్డు తిరిగేవాళ్లు పాత భాగం వెంట తీసుకెళ్లి పోల్చి చూసుకోవాలి.

సైలెన్సర్ మార్చి మోత మోగిస్తే కేంద్ర మోటారు వాహన చట్టం సెక్షన్ 190(2) ప్రకారం మొదటిసారికే రూ.10,000 వరకు జరిమానా, మూడు నెలల వరకు జైలు పడవచ్చు. కంపెనీ ఇచ్చిన నిర్మాణానికి విరుద్ధంగా మార్పులు చేయకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా తేల్చింది. అనుమతి లేని మార్పులకు యజమానిపై ఒక్కో మార్పుకు రూ.5,000 జరిమానా లేదా ఆరు నెలల వరకు జైలు అని సెక్షన్ 182ఏ చెబుతోంది. ఇంజన్ మార్పిడి, రంగు మార్పు వంటివి చేయాలంటే ముందుగా ఆర్టీఓ అనుమతి, తర్వాత ఆర్సీలో నమోదు తప్పనిసరి.

ఖర్చు పెట్టే ముందు ఆర్సీ తేదీ చూసుకోవడం మరిచిపోవద్దు. 15 ఏళ్ల తర్వాత రిజిస్ట్రేషన్ ఐదేళ్లకోసారి పునరుద్ధరించాలి. 2025 ఆగస్టులో కేంద్రం ఫీజులు పెంచింది. 20 ఏళ్లు దాటిన కారుకు రూ.10,000, జీఎస్టీ, గ్రీన్ ట్యాక్స్ అదనం. ఆలస్యమైతే నెలకు రూ.500 చొప్పున కలుస్తుంది. గడువుకు 60 రోజుల ముందు నుంచి ఫారం 25తో దరఖాస్తు చేసుకోవచ్చు. ఢిల్లీ ప్రాంతంలో కోర్టుల దాకా వెళ్లిన వయసు నిషేధం ఆంధ్రప్రదేశ్‌లో లేదు, కానీ తనిఖీలో లైట్లు, బ్రేకులు, పొగ, ఛాసిస్ నంబర్ అన్నీ చూస్తారు. తుప్పు పట్టి ఛాసిస్ నంబర్ కనపడకుండా పోయిన బండి అయితే, ఇంజన్ ఎంత బాగున్నా కొనకముందే ఆర్టీఓ ఆఫీసులో విచారించుకోవాలి.