మరిచ్‌ఝాపి: అనుమతి లేని స్వావలంబన

స్వావలంబన మన జాతీయ రాజకీయాల్లో ఏ పక్షమూ కాదనని మాట. గాంధేయుల రాట్నం నుంచి నేటి ఆత్మనిర్భర భారత్ వరకు ఆ మాటకు ఎన్నడూ గౌరవం తగ్గలేదు. సర్వస్వం పోగొట్టుకున్నవాడు ప్రభుత్వం ముందు చేయి చాచకుండా తన రెక్కల కష్టంతో మళ్లీ నిలదొక్కుకోవాలని పాలకులందరూ ఉపదేశిస్తారు. ఆ ఉపదేశాన్ని అక్షరాలా పాటించిన కొన్ని వేల కుటుంబాలకు ఈ దేశంలో ఏం జరిగిందో తెలియాలంటే సుందర్బన్ అడవుల్లోని మరిచ్‌ఝాపి దీవి చరిత్ర చదవాలి. 1978 ఏప్రిల్ నుంచి 1979 మే వరకు అక్కడ ఒక ఊరు బతికింది. కట్టినవారు కాందిశీకులు. కూల్చినవారు పేదల పేరిట అధికారానికి వచ్చినవారు.

ఆ కథలోకి వెళ్లే ముందు మరో కాందిశీకుల ఊరి సంగతి చెప్పుకోవాలి. దేశ విభజనతో పశ్చిమ పంజాబ్ నుంచి కట్టుబట్టలతో వచ్చిన లక్షలాది మంది కురుక్షేత్ర శిబిరంలో తలదాచుకున్న రోజుల్లో, సురేంద్ర కుమార్ డే అనే ఇంజనీరు వారిలో కొందరిని వెంటబెట్టుకుని కర్నాల్‌కు ఎగువన నీలోఖేరి అనే చోట చిత్తడి నేలను బాగుచేయడం మొదలుపెట్టాడు. ఉచిత భోజనం పెట్టే శిబిరం వద్దు, పని నేర్పే ఊరు కావాలన్నది ఆయన పట్టుదల. నీళ్లు తోడి, నేల చదును చేసి, ఇళ్లు కట్టి, కర్మాగారాలు పెట్టి, సహకార సంఘాల మీద ఆ ఊరిని నడిపారు. ఆ ప్రయోగానికి ఆయన పెట్టిన పేరు మజ్దూర్ మంజిల్. నెహ్రూ దాన్ని చూసి ముగ్ధుడయ్యాడు. 1952 అక్టోబర్ 2న మొదలైన సమాజ వికాస కార్యక్రమానికి నీలోఖేరి ఒక నమూనా అయింది. 1956లో డే కేంద్రంలో మంత్రి అయ్యాడు. పాఠ్యపుస్తకాలకు ఎక్కదగిన కథ. ఇందులో ఒక విశేషముంది. పంజాబీ కాందిశీకులకు ఊరు కట్టిచ్చిన ఆ డే స్వస్థలం తూర్పు బెంగాల్‌లోని సిల్హెట్. తన ప్రాంతం నుంచి తరలివచ్చిన నిరుపేదలకు మాత్రం అలాంటి ఊరు దక్కలేదు.

పంజాబ్‌లో జనమార్పిడి కొన్ని నెలల్లో ముగిసింది. అటువైపు వెళ్లిపోయినవారు వదిలిన భూములను ఇటువైపు వచ్చినవారికి కొలిచి పంచారు. బెంగాల్‌లో వలస ఏళ్ల తరబడి సాగింది. వచ్చినవారు మళ్లీ వెనక్కి వెళ్లిపోతారన్న ఆశ మీద 1950 ఏప్రిల్‌లో నెహ్రూ, లియాకత్ అలీ ఒప్పందం కుదుర్చుకున్నారు. వెళ్లిపోయేవారికి పరిహారం ఎందుకన్న తర్కం ఆ ఒప్పందంలోంచే పుట్టింది. మొదట వచ్చినవారిలో చదువుకున్న అగ్రకులాలవారు ఎక్కువ. నామశూద్రులైన రైతులు, జాలరులు పొలాన్నీ నదినీ వదిలి రాలేక చాలాకాలం అక్కడే ఉండిపోయారు. దళితులు, ముస్లింలు ఒకే బాధను పంచుకునే పేదలని నమ్మి పాకిస్తాన్ తొలి న్యాయశాఖ మంత్రి పదవి చేపట్టిన జోగేంద్రనాథ్ మండల్ వారి నాయకుడు. 1950 అల్లర్ల తర్వాత ఆయనే రాజీనామా చేసి భారత్‌కు వచ్చేశాడు. 1964 అల్లర్లతో మరెందరో వచ్చారు. అప్పటికి పశ్చిమ బెంగాల్ తలుపులు మూసుకున్నాయి. సాయం కావాలంటే రాష్ట్రం బయటికి పోవాల్సిందేనన్నారు.

ఆ బయటి చోటు దండకారణ్యం. 1958లో కేంద్రం ఏర్పరచిన దండకారణ్య ప్రాజెక్టు నాటి మధ్యప్రదేశ్‌లోని బస్తర్, ఒడిశాలోని కోరాపుట్ జిల్లాల్లో విస్తరించింది. రాయపూర్ దగ్గరి మానా శిబిరం దానికి ముఖద్వారం. పరాల్‌కోట్, ఉమర్‌కోట్, మల్కన్‌గిరి దాని పునరావాస మండలాలు. మల్కన్‌గిరి మనకు పరాయి ఊరు కాదు. చింతూరు దాటి మోటు మీదుగా వెళ్తే వస్తుంది. నీటిలో పుట్టి నీటిలో పెరిగిన రైతులకు అక్కడ రాతినేల ఇచ్చారు. వరి నాటితే నీరు నిలవని నేల అది. ఆ ప్రాజెక్టుకు కొద్దికాలం ఛైర్మన్‌గా పనిచేసిన ఐసీఎస్ అధికారి శైబాల్ కుమార్ గుప్తా 1965లో ఎకనమిక్ వీక్లీలో రాసిన వ్యాసాల్లో నేల స్వభావాన్నీ, సాగునీటి కొరతనూ దాచకుండా బయటపెట్టారు. ఆ భూమి అప్పటికే ఆదివాసులది. ఒక నిర్వాసితుణ్ణి నిలబెట్టడానికి మరొకరి నేలను తీసుకున్నారు. ఇద్దరి మధ్యా పెరిగిన వైరానికి ఢిల్లీలో గానీ, భువనేశ్వర్, భోపాల్‌లలో గానీ బాధ్యులెవరూ లేరు. ఊళ్లకు పేర్లు పెట్టే ఓపిక కూడా లేకపోయింది. మల్కన్‌గిరిలో ఎంవీ, పరాల్‌కోట్‌లో పీవీ అని అక్షరాలు తగిలించి వరుసగా నంబర్లు వేశారు.

ఆ ఏళ్లలో బెంగాల్ వామపక్షాలు ప్రతిపక్షంలో ఉన్నాయి. కాందిశీకులను దండకారణ్యానికి తరలించడాన్ని అవి గట్టిగా వ్యతిరేకించాయి. బెంగాల్‌లోనే, అవసరమైతే సుందర్బన్ ప్రాంతంలోనే వారికి చోటు చూపవచ్చని వాదించాయి. కలకత్తా వీధుల్లో వామపక్షాల బలం పెరగడంలో కాందిశీకుల ఉద్యమాల పాత్ర అంతా ఇంతా కాదు. 1977 జూన్‌లో వామపక్ష కూటమి గెలిచినప్పుడు దండకారణ్యంలోని జనం ఆ పాత మాటను నమ్మారు. నమ్మడం వారి తప్పనడానికి నా మనసొప్పదు. కొత్త ప్రభుత్వంలో మంత్రి అయిన రామ్ చటర్జీ స్వయంగా అక్కడికి వెళ్లి, బెంగాల్ మీకు తలుపులు తెరుస్తుందన్న ఆశ కల్పించి వచ్చాడు.

1978 ఆరంభంలో కుటుంబాలకు కుటుంబాలే ఉన్నవి అమ్ముకుని రైలెక్కాయి. వచ్చినవారు లక్ష దాటారు. ప్రభుత్వం ఈలోగా మనసు మార్చుకుంది. హస్నాబాద్ వంటి చోట్ల పోలీసులు వారిని ఆపి, వెనక్కి వెళ్లే రైళ్లలో ఎక్కించారు. సతీశ్ మండల్ నాయకత్వంలోని ఉద్వాస్తు ఉన్నయన్‌శీల్ సమితి వెంట నడిచినవారు మాత్రం పడవల్లో మరిచ్‌ఝాపి చేరుకున్నారు. పరిశోధకుడు రాస్ మాలిక్ లెక్కలో వారు సుమారు 30,000 మంది.

ఆ దీవిలో వారు చేసింది జాగ్రత్తగా గమనించాలి. సుందర్బన్‌లో నేల అంటే ఆటుపోట్ల మధ్య బయటపడే బురద. ముందు కరకట్ట వేసి ఉప్పునీటిని ఆపాలి. ఆ తర్వాత వానలు కొన్నేళ్లు కడిగితే గాని నేల సాగుకు లొంగదు. అందుకని వారు వెంటనే కూడు పెట్టే వృత్తులను ముందు పట్టుకున్నారు. చేపల వేట సాగించారు. ఉప్పు మడులు కట్టారు. వడ్రంగులు పడవలు చేశారు. బీడీలు చుట్టే పని, ఒక బేకరీ, ఒక బజారు వెలిశాయి. పిల్లలకు బడి, రోగులకు ఆరోగ్య కేంద్రం ఏర్పాటు చేసుకున్నారు. ఏడాది తిరగకుండానే వీధులు గీసుకుని దానికి నేతాజీ నగర్ అని పేరు పెట్టుకున్నారు. ఎంవీ, పీవీ నంబర్ల నుంచి వచ్చినవారు తమ ఊరికి తాము పెట్టుకున్న పేరది. మంచినీటికీ సరుకులకూ నది అవతల ఉన్న కుమీర్‌మారి దీవి వారి ఆసరా. అక్కడి పేదలు వీరిని పోటీదారులుగా చూడకుండా తోటి బాధితులుగా చేరదీశారు. ఈ వలసజనం ప్రభుత్వాన్ని కోరింది ఒక్కటే, తమ జోలికి రావద్దని.

ప్రభుత్వం వాదన ఏమిటో కూడా చెప్పాలి. మరిచ్‌ఝాపి రిజర్వు అడవి, పులుల సంరక్షణ పథకం ఆ ప్రాంతంలో 1973 నుంచి అమలులో ఉంది. చట్టం ప్రకారం ఆక్రమణే. అంతకంటే బలమైన వాదన మరొకటి: ఈ 30,000 మందిని ఉండనిస్తే దండకారణ్యమంతా కదలి వస్తుంది, అప్పటికే జనసాంద్రతతో కుంగిన రాష్ట్రం మోయలేదు. ఈ భయం నిరాధారమని నేను అనను. జ్యోతి బసు స్థానంలో ఎవరున్నా రాత్రి నిద్ర పట్టేది కాదు. అయితే అడవి వాదనను చూడండి. మానవశాస్త్రవేత్త అన్నూ జలే రాసినదాన్ని బట్టి, ఆ దీవిలో సహజమైన మడ అడవిని 1975లోనే ప్రభుత్వం తీయించి, రాబడి కోసం కొబ్బరి మొక్కలు నాటించింది. ఖజానా కోసం నరికినప్పుడు కనిపించని అడవి, కూటి కోసం గుడిసె వేసినప్పుడు కనిపించింది. ఇక సమాంతర ప్రభుత్వం నడుపుతున్నారనీ, వెనుక కుట్ర ఉందనీ వచ్చిన ఆరోపణలు ఉన్నాయి. బడి పెట్టుకుని, వీధులు గీసుకుని, తమలో తాము పని పంచుకోవడమే సమాంతర ప్రభుత్వమైతే నీలోఖేరి కూడా అదే. అక్కడ ఊరిని నడిపించినవాడు ప్రభుత్వం మనిషి. ఇక్కడ ఊరు తనంతట తాను నడిచింది.

1979 జనవరి 24న దీవి చుట్టూ 144వ సెక్షన్ విధించారు. పోలీసు లాంచీలు నదిని దిగ్బంధించాయి. ఆహారం, మంచినీరు, మందులు ఆగిపోయాయి. జనం గడ్డి, ఆకులు తిని బతికారు. జనవరి 31న పోలీసులు కాల్పులు జరిపారు. చనిపోయినవారిలో కుమీర్‌మారికి చెందిన ఆదివాసీ స్త్రీలు కూడా ఉన్నారు. కలకత్తా హైకోర్టు జోక్యం చేసుకుని, ఆహారం, నీరు అడ్డుకోవద్దన్నది. కాగితం మీద దిగ్బంధం సడలింది, నీటి మీద సడలలేదు. కేంద్రంలో ఉన్నది మొరార్జీ దేశాయ్ జనతా ప్రభుత్వం. ఎంపీల బృందం వచ్చి చూసి వెళ్లింది. మిత్రపక్షం పాలిస్తున్న రాష్ట్రంతో తగవు పెట్టుకునే తీరిక ఢిల్లీకి లేదు. మే 14 నుంచి 16 వరకు మూడు రోజుల్లో గుడిసెలు తగలబెట్టి, జనాన్ని లాంచీలు ఎక్కించారు. దీవి ఖాళీ అయిందని ప్రకటించిన సమాచార శాఖ మంత్రి బుద్ధదేవ్ భట్టాచార్య. 2007 మార్చి 14న నందిగ్రామ్‌లో పోలీసులు 14 మందిని కాల్చి చంపిన రోజున ముఖ్యమంత్రి ఆయనే.

ఎందరు చనిపోయారు? కాల్పుల్లో ప్రభుత్వం ఒప్పుకున్నది ఇద్దరిని. బయటపడినవారూ, పరిశోధకులూ చెప్పే సంఖ్యలు పదుల నుంచి వేల దాకా ఉన్నాయి. ఆకలితో, రోగాలతో, దారిలో పోయినవారిని కలిపితే ఒక లెక్క, తూటాలకు పోయినవారే అయితే మరో లెక్క. పెద్ద సంఖ్యను పట్టుకుని ఊరేగే రాజకీయం ఒకవైపు, చిన్న సంఖ్య వెనుక దాక్కునే రాజకీయం ఇంకొకవైపు నాకు సమానంగా వెగటు పుట్టిస్తాయి. లెక్క తేలకపోవడానికి కారణం సుస్పష్టం. ఎవరూ లెక్కించాలనుకోలేదు. ఎవరికీ శిక్ష పడలేదు.

వామపక్ష ప్రభుత్వం పేదల శత్రువని తేల్చేసి ఊరుకుంటే ఈ చరిత్ర అర్థం కాదు. అదే 1978లో అదే ప్రభుత్వం ఆపరేషన్ బర్గా మొదలుపెట్టి, కౌలుదారుల పేర్లు రికార్డులకు ఎక్కించి, వారికి చట్టం రక్షణ ఇచ్చింది. స్వతంత్ర భారతంలో అంతటి భూసంస్కరణలు అరుదు. అదే ఏడాది పంచాయతీ ఎన్నికలు జరిపింది. ఒకే పాలన, ఒకే ఏడాది, రెండు రకాల పేదలు. పార్టీ వచ్చి పేరు రాసుకున్న కౌలుదారు ఒకరు. పార్టీని అడగకుండా పడవ దిగిన కాందిశీకుడు మరొకరు. కలకత్తా శివార్లలో 1950 దశకంలో ఖాళీ భూములు ఆక్రమించి కట్టుకున్న జబర్‌దఖల్ కాలనీలు కూడా చట్ట ప్రకారం అక్రమాలే. వాటి కోసం వామపక్షాలు వీధుల్లో పోరాడాయి, తర్వాతి కాలంలో వాటికి పట్టాలూ వచ్చాయి. అక్కడ స్థిరపడినవారిలో అగ్రకుల భద్రలోకులు ఎక్కువ. మరిచ్‌ఝాపివారు నామశూద్రులు. కులం ప్రసక్తే లేదని చెప్పే కమ్యూనిస్టు మిత్రులు ఈ తేడాకు మరో కారణం చూపిస్తే వినడానికి సిద్ధంగా ఉన్నాను.

సుందర్బన్ దీవులవారు తర్వాత అన్నూ జలేతో చెప్పుకున్న మాటల సారాంశం ఇది: మరిచ్‌ఝాపి తర్వాత పులులకు తామెవరో తెలిసిపోయింది, ప్రభుత్వం తమను మొదటి తరగతి పౌరులుగా చూస్తున్నదని గ్రహించాక అవి మనుషుల మీద పడడం మొదలుపెట్టాయి. దీన్ని మూఢనమ్మకమని కొట్టిపారేయవచ్చు. తేనె కోసం, పీతల కోసం అడవిలోకి వెళ్లి పులి నోట పడినవాడి దగ్గర అనుమతి పత్రం లేకపోతే అతని భార్య పరిహారం సంగతి అటుంచి, ఆ చావును బయటికి చెప్పుకోవడానికే భయపడే చోట పుట్టిన నమ్మకమిది. అమితావ్ ఘోష్ 2004లో హంగ్రీ టైడ్ నవల రాసేదాకా దేశంలోని ఇంగ్లిష్ పాఠకులకు ఆ దీవి పేరే తెలియదు. ఇప్పుడు ఎన్నికలు దగ్గరపడితే చాలు, మతువాల ఓట్ల కోసం ప్రతి పార్టీకీ మరిచ్‌ఝాపి గుర్తొస్తుంది. కుట్రదారుల పేర్లు మారుతుంటాయి. జనం అడిగిన నేల మాట ఎవరి ప్రసంగంలోనూ ఉండదు.

వెళ్లగొట్టినవారిలో కొందరు కలకత్తా చుట్టుపక్కల రైలు పట్టాల వెంట గుడిసెలు వేసుకుని కలిసిపోయారు. మిగిలినవారిని దండకారణ్యానికి తిప్పి పంపారు. వారితోపాటే వచ్చిన మరికొన్ని తూర్పు బెంగాల్ కుటుంబాలు మన కాగజ్‌నగర్ పరిసరాల్లో అంతకుముందే స్థిరపడి ఉన్నాయి. అక్కడి నజ్రుల్‌నగర్‌కు కనీసం ఒక కవి పేరు దక్కింది. మల్కన్‌గిరిలో తిరిగి చేరినవారు చెరువులు తవ్వుకుని చేపలు పెంచుకున్నారు, ఆ రాతినేలలోనే బెంగాలీ ఊళ్లు లేపారు. మూడో తరం వచ్చినా ఆ ఊళ్లను జనం ఇప్పటికీ ఎంవీ నంబర్లతోనే పిలుస్తున్నారు.