వాచకం ఒక్కటే కాదు

మనస్తత్వశాస్త్రం ప్రజాస్వామ్యానికి, శాంతికి ఏం చేసిందో రాసేవాళ్ళు 1945 నాటి యునెస్కోతో మొదలుపెడతారు. మన దేశం దగ్గరికొచ్చేసరికి, మత ఉద్రిక్తతలను పరిశీలించడానికి 1950లో వచ్చిన అమెరికా మనస్తత్వవేత్త గార్డనర్ మర్ఫీని తలుచుకుని ఊరుకుంటారు. నెల్లూరు తీరంలోని మైపాడు లాంటి పట్టపుపాలేల్లో, అంటే మత్స్యకారుల ఊళ్ళలో, ఈ లెక్క పొసగదు. వల తగాదా వస్తే ఊరి పెద్దల ఎదుట కూర్చుని తేల్చుకోవడం అక్కడ పాత అలవాటు. ఆ పెద్దలు దురాయి, అంటే ఊరుమ్మడి కట్టుబాటు, వేశారంటే పడవ కదలదు. నలుగురిలో ఒప్పుకున్న మాట మనిషిని ఎలా కట్టేస్తుందో ఆ రేవులకు ఎవరూ నేర్పలేదు.

అసలు పేచీ 1992 గురించి. నెల్లూరు జిల్లా సారా వ్యతిరేక ఉద్యమాన్ని అక్షరదీపం అనే అక్షరాస్యతా కార్యక్రమపు వాచకంలోని సీతమ్మ కథ రగిలించిందని అందరూ రాస్తారు. చదివారు, తెలుసుకున్నారు, తిరగబడ్డారు. నాకిది సగం మాటే. సారా కొంప ముంచుతుందని ఆ ఉద్యమంలో ముందు నిలిచిన దూబగుంట రోశమ్మకు పుస్తకం చెప్పాలా? సర్కారు 'వారుణి వాహిని' సారా ప్యాకెట్లు ఊళ్ళోకి వచ్చాక అది తెలియని ఆడమనిషి లేదు. తెలియనిదల్లా పక్కింటామె కూడా అదే అనుకుంటోందని. పలకలు పట్టుకుని ఒకచోట కూర్చున్నాక, ఏ ఇంటికా ఇల్లు సిగ్గుతో దాచుకున్న దెబ్బలు బయటపడ్డాయి.

అలా కూడి మాట్లాడుకోవడంలోని బలం అంతకుముందే ఒక ప్రయోగంలో కనిపించింది. రెండో ప్రపంచయుద్ధ కాలంలో మనస్తత్వవేత్త కర్ట్ లెవిన్ అమెరికా గృహిణులతో పశువుల గుండెకాయ, మూత్రపిండాలు వండించే ప్రయత్నం చేశాడు. ఉపన్యాసం విన్నవాళ్ళలో వండింది నూటికి 3. కూడి మాట్లాడుకుని చేతులెత్తి నిర్ణయించుకున్నవాళ్ళలో 32. అయితే ఆ గృహిణుల వాకిట్లో సారా కంట్రాక్టరు మనుషులు నిలబడలేదు. వాళ్ళ నిర్ణయంతో సర్కారు ఆదాయానికి గండిపడలేదు. నెల్లూరు ఆడవాళ్ళకు ఆ రెండూ ఎదురయ్యాయి. జనవిజ్ఞాన వేదిక వంటి సంఘాల అండ కూడా ఉందనుకోండి. సారా వేలంపాటలు మళ్ళీ మళ్ళీ వాయిదాపడ్డాయి. 1993 ఏప్రిల్ 15న జిల్లాలో, అక్టోబర్ 1న రాష్ట్రమంతటా సారా ఆగింది.

1995లో వచ్చిన సంపూర్ణ మద్యనిషేధం రెండేళ్ళకే సడలింది. ఆ ఆడవాళ్ళు రోజుకో రూపాయి దాచుకున్న పొదుపులక్ష్మి పథకం మాత్రం పొదుపు, అప్పుల సంఘాలై విస్తరించింది. దీన్ని విజయమని రాసేవాళ్ళతో నేను పూర్తిగా ఏకీభవించలేను. సారా దుకాణాన్ని నిలదీసిన ఆ నలుగురి బలమే ఇప్పుడు సంఘం అప్పు కిస్తీ కట్టలేనామె గుమ్మం ముందు నిలబడుతోంది. దురాయిలోనూ ఈ మెలికే ఉంది. గొడవ సద్దుమణుగుతుంది, నిజమే. రేవులో చేపల ధర తెగేసి చెప్పే ఆడవాళ్ళకు మాత్రం ఆ పెద్దల వరసలో చోటు కరువే.