లేని మీసం మెలేసిన రోజు

మంట కాస్త ఎగదొయ్యమ్మా, పొగొస్తా ఉంది. నిన్న నేను సర్పంచి నడక నడిచి చూపిస్తే పొట్ట పట్టుకుని నవ్వారు గదా. మీ అమ్మని చిన్నప్పుడు అడిగుంటే, మా అమ్మకి నోరే లేదని చెప్పుండేది.

పెళ్లికి ముందు నేనిట్టాగే ఉండేదాన్ని. కరణం దగ్గు, పూజారి ముక్కుతో చదివే మంత్రం, నాట్లేసే కాడ చేసి చూపిస్తే అందరూ నడుం నొప్పి మర్చిపోయేవాళ్లు. ఈ ఇంటికొచ్చాక ఒక్కొక్కటే మానుకున్నా. అప్పట్లో సర్కారు సారా ప్లాస్టిక్ ప్యాకెట్లలో వచ్చేది. మూల పళ్లతో కొరికి నోట్లోకి పిండుకునేవాళ్లు. వీధి మలుపులో మీ తాత చెప్పుల చప్పుడు వింటే చాలు, ఎన్ని పడ్డాయో తెలిసిపోయేది. కూడు చాలకపోతే ఒక తంటా. నవ్వితే ఇంకో తంటా, ఎవణ్ణి చూసి నవ్వావని. సరే, నవ్వొద్దులే అనుకున్నా. పోనుపోను, మానేశానన్న సంగతే మర్చిపోయా.

1991లో మన నెల్లూరు జిల్లాలో అక్షరదీపం అని రాత్రి బడులు పెట్టారు. తాగుబోతు మొగుడితో అవస్థ పడే ఆడదాని కథ ఒకటి ఉండేది ఆ బడి పుస్తకంలో. అక్షరం రానోళ్లకి కూడా ఆ పాఠం ముందే వచ్చు! మరుసటేడు దూబగుంట అనే ఊళ్లో రోశమ్మ, ఆమెతో పాటు ఆడోళ్లంతా కలిసి సారా కొట్టు మూయించారని తెలిసింది. ఆ ఊపు ఊరూరా పాకింది. నెల్లూరులో సారా కొట్ల వేలం పాట జరగనీకుండా ఆడోళ్లు అడ్డం పడితే, వాయిదా మీద వాయిదా వేశారు.

మా ఊళ్లో కూడా రచ్చబండ కాడ కూడాం. వేలం పాటంటే ఏందక్కా అని ఒకామె అడిగింది. ఎందుకు లేచానో నాకే తెల్దు. కొంగు నడుముకి దోపి, లేని మీసం మెలేసి, కాంట్రాక్టర్ మాదిరి గొంతు బొంగురు చేసి అందుకున్నా: "పడమటి వీధి వదిన పుస్తెలు, ఒకటోసారి! మా ఇంటి ఇత్తడి బిందె, రెండోసారి! ఈ పిల్లోడి బడి చొక్కా, మూడోసారి!" ముందు ఎవరూ కిక్కురుమనలా. తర్వాత ఒక ముసలామె పగలబడి నవ్వింది, ఇంక అందరూ.

ఆ రాత్రి సంతోషంతో నిద్ర పట్టలేదనుకుంటారేమో. కాదు, కోపం. ఇన్నేళ్లు యాడ చచ్చావే అని నన్ను నేనే తిట్టుకున్నా. పాత మనిషి మర్నాటికల్లా వచ్చి కూర్చోదులే. చెప్పుల చప్పుడైతే కడుపులో ఉలిక్కిపాటు చాన్నాళ్లు పోలా.

1993 అక్టోబర్ 1 నుంచి రాష్ట్రమంతా సారా ఆపేశారు. 1995లో ముఖ్యమంత్రి రామారావు మొత్తం మందే బందు చేశాడు. 97లో మళ్లీ ఎత్తేశారు, అది వేరే కథ. ఎత్తేసిన కొత్తల్లో మీ తాత ఒక రాత్రి తూలుకుంటా వచ్చాడు. గడపలోనే నిలబెట్టి, ఆ తూలుడు ఆయనకే చేసి చూపించా. మీ అమ్మ కిసుక్కున నవ్వింది. ఆయన నవ్వలా, చెంబు విసిరికొట్టాడు. ఆ సొట్ట చెంబు తీసుకొచ్చి, అది ఎగిరొచ్చిన తీరు కూడా చేసి చూపించా.